మా బావ ఇంగ్లీషు దీక్ష

మా బావ బాలరాజు తిట్లు ఒకప్పుడు అక్షరం తప్పేవి కావు. జనవరిలో నన్ను బఫూన్ అన్నాడు. కింది వాటాలో అద్దెకున్నాయనను బార్బేరియన్ అన్నాడు. గేటు ముందు పడుకునే కుక్కను బ్యాండిట్ అన్నాడు. హోళీ వచ్చేసరికి అదే కుక్క కవార్డ్ అయింది, నేను క్రూకెడ్ అయ్యాను. మేమెవరమూ మారలేదు. కుక్క అసలే మారలేదు. ఆయన చదివే పుస్తకం బి నుంచి సికి మారింది, అంతే.

ఆయన పోయి పదకొండు నెలలైంది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. కానీ నేను ఆయనకు బామ్మర్దిని. బావను పొగిడిన బామ్మర్ది మా వైపు ఎక్కడా లేడు. ఉన్నా అతన్ని ఎవరూ నమ్మరు.

బావది ఆలేరు దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల వయసులో నాచారం వచ్చి, సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాడు. చేతులు మారినా పేరు మారినా చివరిదాకా ఆ షెడ్డులోనే ఉన్నాడు. కాపురం ఉప్పల్లో, చిలకానగర్‌లో, మా అక్క తారామణితోనూ తన తల్లి సాలమ్మతోనూ. కూతురు పెళ్లయి మేడిపల్లిలో ఉంటుంది. ఈ ఇంటి గొడవల్లోకి తనను లాగొద్దని ముందే చెప్పింది కాబట్టి ఇక్కడా లాగను.

మూతల మిషన్ గురించి ఒక ముక్క చెప్పాలి. బ్యారెల్ అనే లావుపాటి గొట్టంలో ప్లాస్టిక్ గింజలు కరుగుతాయి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి వెళ్లి మూతలై రాలుతుంది. బ్యారెల్ చల్లబడితే మూతలు సగం సగం వస్తాయి. మిషన్ మొండికేసినప్పుడు దాని పక్కన నిలబడి, చప్పుడు విని, జబ్బు ఫలానా అని చెప్పగలిగినవాడు ఆ షెడ్డులో మా బావ ఒక్కడే. ఈ విద్యకు ఆయనకు దొరికిన బహుమతి రాత్రి డ్యూటీ. పగలైతే మెకానిక్కులుంటారు. రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి బాలరాజు ఉండాలి. ఇలా పదకొండేళ్లు. అక్క లేచేసరికి ఆయన వచ్చి పడుకునేవాడు. అక్క పడుకునే వేళకు ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు.

"మాది కాపురం కాదు, షిఫ్టు చేంజ్" అనేది అక్క.

ఇంగ్లీషు పిచ్చికి మూలం ఒక ఆడిటర్. ఎక్కడి నుంచో వచ్చిన ఆ ఆడిటర్ ఒక తెల్లవారుజామున షెడ్డంతా తిరిగి, మా బావను ఇంగ్లీషులో ఏడు ప్రశ్నలు అడిగాడు. బావ ఏడింటికీ "ఎస్ సార్" అన్నాడు. ఆరో ప్రశ్న, రాత్రి డ్యూటీలో నిద్రపోతుంటావా అని. వారానికి మెమో వచ్చింది. ఆ మెమో కూడా ఇంగ్లీషులోనే ఉండటంతో నేను చదివి చెప్పేదాకా ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకుని జేబులో పెట్టుకు తిరిగాడు. క్యాంటీన్లో ఇద్దరికి స్వీటు కూడా ఇప్పించాడు.

ఆ ఆదివారం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర, వరంగల్ బస్సులెక్కి దువ్వెనలూ జనరల్ నాలెడ్జి పుస్తకాలూ అమ్మే ఒకాయన దగ్గర మా బావ ఇరవై ఆరు పుస్తకాల కట్ట కొన్నాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో సన్నటి పుస్తకం. ఒకే అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు ఎడమవైపు, తెలుగు అర్థాలు కుడివైపు. నేను లాలాపేట్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఆ పుస్తకాల్లో అచ్చుతప్పులు చూడగానే ఎర్ర పెన్ను తీశాను. బావకు ఆ బాధ లేదు.

ఆయనకు తెలిసిన పట్టుదల ఒకటే, అయ్యప్ప మాల. తొమ్మిదిసార్లు వేశాడు. బీడీ మానినా, మందు మానినా, నాతో పోట్లాట మానినా సరిగ్గా నలభై ఒక్క రోజులు. నలభై రెండో రోజు అన్నీ యథాప్రకారం. ఆ ఏడు నవంబరులో మాల వేసుకోలేదు. బదులుగా ఎ పుస్తకం తీసి పసుపు రాసి దీపం ముందు పెట్టాడు.

"అక్షరానికి నలభై ఒక్క రోజులు" అన్నాడు. "పొద్దుగాల్ల తానం, దీపం, పుస్తకం. నడుమ ఇంకో అక్షరం ముట్టద్దు. ముడితే మల్ల ఎ కాడికెళ్లి షురు."

"ఈ రూలు ఎవలు పెట్టిన్రు బావా?"

"మొక్కుకు రూలు ఎవలు పెడ్తరు? మొక్కినోడే."

"ఇరవై ఆరు అక్షరాలంటే దగ్గర దగ్గర మూడేండ్లు."

"నాకేమన్న రైలున్నదా?"

మిగతా పుస్తకాలన్నీ మూటగట్టి అక్కకిచ్చాడు. ఆమె బీరువా మీద పడేసింది. అలా ఎ అయింది, బి అయింది. సి నడుస్తుండగా అక్క ఇంట్లో క్యారట్ కూరకు గౌరవం పెరిగింది. ఎనిమిది పుటల ఎ పుస్తకంలో ఆయనకు అన్నిటికంటే నచ్చిన మాట "అబ్జర్డ్", అర్థం లేనిది అని. నేను ఏది చెప్పినా ఆ మాటే అనేవాడు.

అంతకుముందే, బి నడుస్తుండగా, ఆయన కాలి బొటనవేలికి పుండు లేచింది. రెండు నెలలైనా మానలేదు. అక్క పోరి పోరి ఉప్పల్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. షుగరు మూడు వందల ఎనభై ఉంది. ఎన్నాళ్ల నుంచి రాత్రిళ్లు మేలుకుంటున్నావని డాక్టరమ్మ అడిగింది. పదకొండేళ్లని అక్క చెప్పింది. రాత్రి డ్యూటీ మానకపోతే ముందు వేలు తీయాల్సి వస్తుంది, ఆ తర్వాత పాదం అని ఆమె కాగితం మీద గీత గీసి మరీ చూపించింది.

బయటికొచ్చి బావ అన్న మాట, "మెట్రో పిల్లర్ కాడ చెరుకురసం మస్తుంటది, తాగుదామా?"

కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. కుంటుతున్నావేమిటని అడిగితే బూటు బిగుతన్నాడు. తల్లికీ చెప్పలేదు. ఇంట్లో కూడా సాక్సు వేసుకుని తిరిగాడు.

సరిగ్గా అప్పుడే కంపెనీ చేతులు మారింది. కొత్త మేనేజరు అచ్యుతరావు గారని గుంటూరు వైపు మనిషి. షెడ్డు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీగా ఉందని నోటీసు పెట్టాడు. ఇన్‌ఛార్జిది పగటి డ్యూటీ. తొమ్మిదికి పోయి అయిదున్నరకు ఇంటికి బయల్దేరడమే. కానీ కొత్త యజమానులు పై రాష్ట్రంవాళ్లు, వాళ్లకు రిపోర్టులు ఇంగ్లీషులో పోవాలి. అందుకని ఇంగ్లీషులో పరీక్ష. రాతకు నలభై మార్కులు, పదహారు వస్తే పాసు, ఆ తర్వాత మాటాముచ్చట, అంటే ఇంటర్వ్యూ. పరీక్ష అయిదు వారాల్లో. పేర్లిచ్చినవాళ్లు ఇద్దరే. మా బావ ఒకడు, డిప్లొమా చదివిన తేజేష్ ఒకడు. తేజేష్ మంచి పిల్లగాడు. "అన్నా, నేను గూడ రాస్తున్న, ఏమనుకోకు" అని ముందే వచ్చి చెప్పాడు.

అప్పటికి మా బావ డి దీక్షలో మూడో రోజు మీద ఉన్నాడు.

అక్క బీరువా మీది మూట దింపింది. "ఇగో, ఎం పుస్తకం. మిషన్, మోటర్ అన్నీ దీంట్లనే ఉన్నయి. ఎస్ పుస్తకం. టి పుస్తకం. అయిదు వారాల్ల ఎంతొస్తె గంత సదువు."

"డి నడుస్తున్నది" అన్నాడు బావ.

"కాలు నడుస్తలేదు."

"మొక్కంటే మొక్కే తారా."

"ఏ దేవునికి మొక్కినవయ్యా? ఇంగ్లీషుకు దేవుడున్నడా?"

"దేవుడు లేకున్నా మొక్కుంటది."

నేను మధ్యలో దూరాను. "బావా, జర ఆలోచించు. నీ ఇంగ్లీషుల ఆమ్ ఉన్నది గాని ఐ లేదు. ఆర్ ఉన్నది, దే లేదు. మనుషులే లేని ఇంగ్లీషుతోని రిపోర్టెట్ల రాస్తవ్?"

"మంచిదే గద. రిపోర్టుల ఎవని మీదా తప్పు పడది."

"నో అనాలంటే?"

"కాంట్ ఉన్నది. డోంట్ ఉన్నది. డిడింట్ ఉన్నది. నో అననీకె మూడు తీర్లున్నయి నాకు. నీకెన్నున్నయి?"

మరునాడు సాయంత్రం అక్క ఇంకో ఎత్తు వేసింది. ఆయన హెల్మెట్ తీసుకుంటూ "నైట్ డూటీకి లేటైతున్నది" అన్నాడు. అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నైట్ అంటే ఎన్. లేట్ అంటే ఎల్. రెండక్షరాలు ముట్టినవ్. దీక్ష చెడింది. ఇగ అన్ని పుస్తకాలు సదువుకో, నిన్నెవలు అడ్గరు."

బావ తెల్లబోయాడు. అక్కను తప్పించుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. రాత్రంతా మిషన్ల మధ్య దాన్నే నమిలి ఉంటాడు. పొద్దున వచ్చి హెల్మెట్ తీయకుండానే ముందుగదిలో తల్లి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నేను ఇంటికి ఆల్చెంగ వస్తే ఏమంటవ్?"

సాలమ్మ బియ్యం ఏరుతోంది. "ఏమంట? నైటు డూటీ ఎప్పుడో ఇడిసె, లేటెందుకైందిరా అంట."

బావ మావైపు తిరిగాడు. నేను ఆ పొద్దున ఉప్మా కోసం అక్కడే ఉన్నాను.

"ఈమెకు ఇంగ్లీషొచ్చునా?"

"రాదు" అన్నాం.

"రానప్పుడు ఈమె నోట్ల ఇంగ్లీషు మాటెట్లొస్తది? మాయమ్మ నోట్లకెళ్లొచ్చింది తెలుగే. నైటు తెలుగు. లేటు తెలుగు. దీక్ష దీక్షనే ఉన్నది."

కోర్టులో నిలబడే వాదన కాదు. కానీ మొక్కినవాడే రూలు పెట్టినవాడు. ఆయన స్నానానికి వెళ్లాక నాకు వెలిగింది.

"అక్కా, గిప్పుడు ఈయన పెట్టిన రూలు ఏంది? అత్తమ్మ అన్న మాటలన్నీ తెలుగు. అంటే అవన్నీ పరీక్షల రాసుకోవచ్చు. అత్తమ్మతోని ఎన్ని మాటలు అనిపిస్తె అన్ని మార్కులు."

అక్క నన్ను మొదటిసారి తమ్ముణ్ని చూసినట్టు చూసింది.

బావ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. మాట ఆమె నోట తనంత తానుగా రావాలి. మేం అందివ్వకూడదు.

ఆ సాయంత్రం నేను సాలమ్మ అత్తమ్మ మంచం పక్కన చేరి, చాలా అమాయకంగా, "అత్తమ్మా, ఊర్ల మీ బోరు ఎప్పుడన్న ఆగిపోతుండెనా?" అన్నాను.

"ఎప్పుడన్న ఆగుడు కాదు అల్లుడా. ఎప్పుడన్న నడుస్తుండెనా అని అడుగు."

ఆమె ముప్పై ఏళ్లు ఆ బోరు కింద రెండెకరాల వరి పండించింది. పెనిమిటి రాజయ్య కంటే మోటారే తనను ఎక్కువ సతాయించిందని ఆమె లెక్క. "రెండు ఫేజులే వస్తుండె. మూడోది రాకముందే మీ మామ స్టార్టర్ ఒత్తుతుండె. వద్దయ్యా, లోడు పడ్తది, మోటర్ కాల్తది అంటే ఇనకపోవు. బుస్సుమని పొగలేసి ఫ్యూజు కొట్టేస్తుండె. ఇగ మెకానిక్ కోసం ఆలేరు ఉరుకుడే."

వంటింటి గోడ వెనక అక్క కరెంటు బిల్లు వెనక్కి తిప్పి రాసుకుంటోంది. ఫేజ్, స్టార్టర్, లోడ్, మోటర్, ఫ్యూజ్, మెకానిక్. ఒక్క గుక్కలో ఆరు. నేను డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివాను. నాకు ఆ ఆరూ వరసగా వాడే అవసరం ఇప్పటిదాకా రాలేదు.

ఉత్సాహం ఎక్కువై, "పైపుల లీకైతే ఏం జేస్తుండె?" అనేశాను.

లోపలి గదిలోంచి బావ గొంతు వచ్చింది. "అందియ్యద్దంటి. గా మాట లెక్కకు రాదు."

లీక్ పోయింది. మూతల షెడ్డులో రోజుకు పదిసార్లు వాడే మాట. రెండు రోజులు ఎదురుచూశాం. మూడో నాడు స్నానాల గదిలోంచి సాలమ్మ కేకేసింది, "తారా, ఈ నల్ల లీకైతున్నదే, ఎవన్నన్న పిలువు." అక్క తడిచేతుల్తో పరుగెత్తుకొచ్చి మాట రాసుకుంది. నల్లా బాగుచేయించడానికి మాత్రం వారం పట్టింది.

ఇలా టైటు వచ్చింది, లూజు వచ్చింది, నట్టు, పైపు, ఆయిలు, హీటరు, ఆను, ఆఫు, జాము, ఫెయిలు వచ్చాయి. టెంపరేచర్ మాత్రం రాలేదు. నేను థర్మామీటర్ ఒకటి కొనుక్కెళ్లి ఆమె ముందు పెట్టి కూర్చున్నాను. ఎంతసేపు తిప్పినా ఆమె దాన్ని జొరంపుల్ల అనే అంది. చివరికి, "నీకు జొరమొచ్చిందా అల్లుడా, ముఖం గట్లున్నది" అని నాకే మిరియాల కషాయం కాచి తాగించింది.

పదో రోజు చిక్కొచ్చింది. సాలమ్మ మాట్లాడటం మానేసింది. ఏదడిగినా ఊఁ అనో ఊఁహూ అనో అనడమే. మూడు రోజులు ఒక్క మాట రాలలేదు. నాలుగో రోజు అక్క అన్నం పెడుతుంటే పళ్లెం జరిపేసింది.

"మీ సంగతి నాకెర్కనే" అంది. "నేను నోరు తెరిస్తె కోడలు గోడెనక నిలవడి రాసుకుంటున్నది. అల్లుడు రోజొచ్చి కూసుంటున్నడు. నారపల్లి ప్లాటు గురించేనా? నేను బతికున్నంత కాలం ఏ కాయితం మీదా ఏలుముద్ర ఎయ్య."

పాత పొలం డబ్బుతో నారపల్లిలో కొన్న నూటయాభై గజాలు ఆమె పేరు మీదున్నాయి. మాకెవరికీ ఆ సంగతే తోచలేదు. తోచలేదంటే ఆమె నమ్మదు.

అక్క పళ్లెం పక్కన పెట్టింది. కుర్చీలో కూర్చున్న బావ దగ్గరికి వెళ్లి, కింద కూర్చుని, ఆయన సాక్సు లాగేసింది.

సాలమ్మ లేచి వచ్చి వంగి చూసింది. వేలు వాచి కమిలి ఉంది.

"ఎన్నాళ్లకెళ్లి?"

"చిన్న పుండమ్మా."

"ఎన్నాళ్లకెళ్లిరా?"

అక్క చెప్పింది. షుగరు, డాక్టరమ్మ గీసిన గీత, రాత్రి డ్యూటీ, పగటి పోస్టు, పరీక్ష, దీక్ష, అమ్మ నోటి మాటల రూలు, అన్నీ. సాలమ్మ అంతా విని కొడుకు ఎదురుగా నేల మీద కూర్చుంది. మొదలుపెట్టింది.

"రాయి పిల్లా. మిల్లు. మిషన్. వైరు. వైరింగు. ట్రాన్స్‌ఫార్మరు. లైన్‌మాన్. వోల్టేజీ."

"అమ్మా, తెలిసి జెప్తే లెక్కకు రాదు" అన్నాడు బావ.

"నోరు ముయ్యి. నా నోరు, నా మాటలు. ఏది లెక్కకొస్తదో నేను జెప్త. ఇంగ్లీషు దీక్ష బట్టినవ్ గాని ఇంట్ల అమ్మకు ఏలు సూపియ్యనీకె నోరు రాలే. రాయవే తారా. ప్రెషరు. పంపు. రిపేరు. స్పేరు. షార్టు. టెస్టు. రిపోర్టు."

రెండు గంటలు చెప్పింది. మధ్యలో ఒకసారి మంచినీళ్లు తాగింది. బావ తల వంచుకుని విన్నాడు. ఆయన ఎదురు మాట్లాడకుండా రెండు గంటలు కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. కరెంటు బిల్లులు మూడు నిండాయి. మొత్తం నూటపద్నాలుగు మాటలు. అందులో మొక్కజొన్న విత్తనాల కంపెనీ పేర్లు తొమ్మిది ఉన్నాయి, అవి తీసేశాం.

పరీక్ష ఒక శనివారం పొద్దున పదకొండింటికి, కంపెనీ క్యాంటీన్లో. డి దీక్ష ముప్పై ఎనిమిదో రోజు. తేజేష్ నాలుగు పుటలు రాశాడని తెలిసింది. మా బావ పదకొండు పంక్తులు రాసి బయటికొచ్చాడు. ఎట్ల రాసినవని అడిగితే "డీసెంట్" అన్నాడు. మాటాముచ్చటలో ఏమడిగారంటే చెప్పలేదు. నాలుగు రోజులకు ఇన్‌ఛార్జి బాలరాజని కాగితం అంటించారు. రిపోర్టులు మాత్రం తేజేష్ రాయాలని కింద ఇంకో పంక్తి ఉంది. ఇంటిల్లిపాదీ ఇది సాలమ్మ గెలుపనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకుంది. "ఇంగ్లీషు పరీక్ష పాసైన" అని చిలకానగర్‌లో నాలుగు వీధుల్లో చెప్పుకొచ్చింది.

ఆ తర్వాత నాలుగేళ్లు బావ పగటిపూట డ్యూటీ చేశాడు. పుండు మానింది. అయిదున్నరకు బండెక్కి ఆరు దాటేసరికి ఇంట్లో ఉండేవాడు. దీక్ష వదల్లేదు. జెడ్ పుస్తకం రెండు పుటలే ఉంది, అయినా దాని ముందు నలభై ఒక్క రోజులు కూర్చున్నాడు. ఇరవై ఆరూ అయ్యాక ఎ మాటలు మొత్తం మరిచిపోయానని కనిపెట్టి మళ్లీ ఎ మొదలుపెట్టాడు. నిరుడు జులైలో ఒక మధ్యాహ్నం, షెడ్డులో కుర్చీలో కూర్చుని మూతలు చూస్తున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. గుండె. కాళ్లు రెండూ చెక్కుచెదరలేదు. డాక్టరమ్మ కాళ్ల గురించి భయపెట్టినంత గట్టిగా గుండె గురించి భయపెట్టి ఉంటే బాగుండేది.

దినాల నాడు అచ్యుతరావు గారు వచ్చారు. భోజనాలయ్యాక నేనూ అక్కా ఉన్నచోట కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను మాటవరసకు, మా సాలమ్మ అత్తమ్మ మాటలతోనే బావ ఆ పరీక్ష నెగ్గాడని చెప్పాను.

"నెగ్గడమా?" అన్నారాయన. "రాతలో తేజేష్‌కి ముప్పై ఒకటి వేశానండి. మీ బావగారికి పదిహేడు. ఏదో పాసయ్యారంతే. ఆ పేపరు నాకిప్పటికీ గుర్తే. అలారం కేమ్. మిషన్ ఆఫ్. బ్యారెల్ కోల్డ్. క్యాప్స్ బ్యాడ్ అండ్ బ్రోకెన్. హీటర్ ఫ్యూజ్ బర్న్‌ట్ బికాజ్ లోడ్. ఆయిల్ లీక్, క్లీన్‌డ్. డోంట్ కమ్ బేర్‌ఫుట్. ఇలా ఉంది. తంతిలాగా."

"మరి పోస్టు ఎట్లిచ్చిన్రు సార్?" అంది అక్క.

"మాట్లాడినప్పుడమ్మా. ఈ పోస్టు నీకెందుకు కావాలని ఇంగ్లీషులో అడిగాను. ఒక నిమిషం పైనే ఆలోచించారు. పదాలు వెతుక్కుంటున్నారని తెలుస్తోంది. ఆఖరికి, డే డ్యూటీ అన్నారు. బాడీ బ్యాడ్, బ్లడ్ బ్యాడ్ అన్నారు. కాలు చూపించి, డాక్టర్ కట్ అన్నారు. ఆమ్ అఫ్రైడ్ అన్నారు. నాకు సరిగ్గా అర్థం కాక, తెలుగులో చెప్పు బాలరాజూ అన్నాను. తెలుగులో చెప్పమనేసరికి, ఏం లే సార్, గిట్లనే పేరిచ్చిన అన్నారు. మళ్లీ ఎంత అడిగినా అదే మాట. ఆ మనిషిని రాత్రి డ్యూటీకి ఎలా పంపమంటారు?"

ఆయన వెళ్లాక అక్క చాలాసేపు విస్తళ్లు తీసిన చోట నీళ్లు చల్లుతూ ఉండిపోయింది. చల్లినచోటే మళ్లీ చల్లింది.

"అఫ్రైడ్ అంటే భయమే గదరా?"

"అవునక్కా."

"నాతోని ఒక్కనాడన్న గా మాట అనలే. కాలు సూపిస్తె చెరుకురసం తాగుదాం పా అన్నడు." చెంబు కింద పెట్టింది. "పరాయోని ముందట, రాని భాషల అన్నడు."

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"డబ్బాల కట్టిచ్చిన పదకొండేండ్లు ఏది పెట్టినా తిన్నడు. పగటి డూటీ వచ్చినంక నాలుగేండ్లు రోజు రాత్రి నా పక్కన కూసొని తిన్నడు. ఒక్కనాడు కూర మంచిగైందనలే. ఉప్పెక్కువ, కారం తక్కువ, పులుసు పలుచన, గదే పని. విసుగొచ్చి ఒకసారి గంటె ఇసిరేసిన."

"తగిలిందా?"

"తప్పుకున్నడు." చెంబు మళ్లీ తీసుకుంది. "ఇంకో నాలుగేండ్లు గట్లనే వంకలు పెట్టినా ఇంటుంటిరా."